నాలుగు లైన్లు

మీటింగు గదిలో తెర మీద మాస్టారి పేరు పైనుంచి కిందిదాకా బారులు తీరి ఉంది. ఎడమపక్క పేరు, కుడిపక్క కోడు. ఏ లైను చూసినా ఎదురుగా అదే పేరు.

"చూశారుగా," అన్నాడు మేనేజరు. "నేను చెప్పడం కాదు. మిషనే చెబుతోంది."

ఆ కమాండు పేరే బ్లేమ్, అంటే నింద. ఏ లైనుని చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చూపిస్తుంది, అంతకు మించి దానికేం తెలియదు. ఎవరు ఏ సరదాకి ఆ పేరు పెట్టారోగానీ, ఆ మంగళవారం పొద్దున మాత్రం అది పేరుకు తగ్గ పనే చేస్తోంది.

సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. వీళ్ళు తయారుచేసే సాఫ్ట్‌వేరు డయాలసిస్ కేంద్రాల్లో రోగుల వంతులు చూసుకుంటుంది. ఎవరికి ఏ రోజు, ఏ పూట, ఏ కుర్చీ అన్నది అదే నిర్ణయిస్తుంది. కిందటి వారం ఒక కేంద్రంలో ఓ పెద్దావిడ వంతుని పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి మార్చారు. పొద్దుటి పూటలోంచి ఆవిడ పేరు పోయింది. మధ్యాహ్నం కుర్చీ ఖాళీ లేక అక్కడా ఎక్కలేదు. ఆవిడ కారు మాట్లాడుకుని అంత దూరం వస్తే, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్లో వెతికి, "మీ పేరు లేదండీ, మేమే ఫోన్ చేస్తాం, వెళ్ళి రండి" అని పంపేసింది. ఫోన్ ఎవరూ చెయ్యలేదు. తర్వాత ఊపిరి అందక ఆవిడని పెద్దాసుపత్రిలో చేర్చారు. బతికింది గానీ ఇంకా మంచం దిగలేదు.

"కొత్త పూట ఖాయమైతేగానీ పాతది తీసెయ్యకూడదు," అన్నాడు మేనేజరు. "ఇదేమన్నా పెద్ద విద్యా? ఆ తనిఖీ ఇక్కడ లేదు. ఎందుకు లేదు మాస్టారూ?"

మాస్టారు అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఆయన చాలా ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, బడి మూతపడ్డాక ఈ పని నేర్చుకుని వచ్చారు. యాభై దాటాయి. నెమ్మదిగా రాస్తారు, రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని తెరవైపు చూశారు.

"పెట్టానండీ."

"ఎక్కడ?"

"అక్కడే. పేరు తీసేసే లైనుకి పైన. ఓ నాలుగు లైన్లు."

"ఏదీ, చూపించండి."

ఆయన లేచి తెర దగ్గరికి వెళ్ళారు. నల్లబల్ల మీద పిల్లాడి లెక్క దిద్దుతున్నట్టు వేలు పెట్టి ఒక్కో లైనే చదువుకుంటూ కిందికి దిగారు. అడుక్కి వచ్చాక మళ్ళీ పైకి వెళ్ళారు. ప్రొజెక్టరు వెలుగులో ఆయన పేరు ఆయన చెవి మీదా చెంప మీదా పడి కదులుతోంది. ఎవరూ నవ్వలేదుగానీ, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పెట్టాననే గుర్తు," అన్నారు చివరికి. ఈసారి గొంతులో ఇందాకటి గట్టితనం లేదు.

బల్ల చివర కూర్చున్న అక్క ఆ మాట విని తల దించుకుంది. అక్క అంటే ఆ జట్టులో అందరికీ అక్కే. వయసులో మాస్టారి తర్వాత ఆవిడే. ఆవిడకి ఎదురుగా తుఫాను కూర్చుని, నీళ్ళ సీసాకి అంటించిన కాగితాన్ని గోటితో కొంచెం కొంచెంగా చింపుతున్నాడు. వాడు వారం రోజుల పని ఒక పూటలో రాసిపారేస్తాడని ఆ పేరొచ్చింది. ఇంట్లో వాడు అక్కకి ఆడపడుచు కొడుకు. ఈ ఉద్యోగం గురించి వాడికి చెప్పింది ఆవిడే, వాడి గురించి ఇక్కడ చెప్పిందీ ఆవిడే. ఆఫీసులో "మేడమ్" అంటాడు, మర్చిపోతే "అత్తా" అనేస్తాడు.

*

అక్క పని కలపడం. ఎవరి కాపీలో వాళ్ళు రాసుకుంటారు. అది ఒక కొమ్మ. అవన్నీ వచ్చి మెయిన్ అనే అసలు కాపీలో కలవాలి. ఇద్దరు ఒకే చోట చెయ్యి పెడితే మిషను చేతులెత్తేసి, ఇద్దరి రాతనీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ఉంచాలో నువ్వే చెప్పమంటుంది. అప్పుడు అక్క ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, నీ ఉద్దేశమేమిటి, నీ ఉద్దేశమేమిటి అని అడిగి, రెండూ బతికేలా అతుకు వేస్తుంది. ఆ అతుకు కనిపించకూడదు. కనిపించలేదంటే పని బాగా జరిగినట్టు. అందుకే ఆవిడ పని ఎవరికీ కనిపించదు.

సీటులోకి వచ్చి కంప్యూటరు తెరిచింది. మౌసు మీద చెయ్యి వేసిందేగానీ చాలాసేపు కదిలించలేదు. ఎందుకంటే ఏం కనబడుతుందో ఆవిడకి ముందే తెలుసు.

అత్తగారి మోకాలి ఆపరేషనుకని అటుకిందటి వారం శుక్రవారం సెలవు పెట్టి, కిందటి వారం సోమవారం వచ్చి కూర్చున్నప్పుడు మిషను ఒక హెచ్చరిక చూపించింది. నీ దగ్గరున్న మెయిన్‌కీ సర్వర్లో ఉన్న మెయిన్‌కీ పొంతన లేదు అని. ఎవరో సర్వరు మీదికి తమ కాపీని బలవంతంగా తోసి, అంతకుముందు ఉన్నదాన్ని కప్పేస్తేగానీ అలా రాదు. తుఫాను అప్పటికే అందరికీ కబురు పెట్టాడు, పాతవి పారేసి తాజా కాపీ తీసుకోండని. అందరూ తీసుకున్నారు. అక్క మాత్రం తన పాతదాన్ని పారెయ్యకుండా వేరే పేరుతో పక్కన పెట్టి, తీరికగా చూద్దాంలే అనుకుంది. ఆ వారమంతా ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతో సరిపోయింది. చూడనేలేదు.

ఇప్పుడు తెరిచింది. పేరు తీసేసే లైనుకి సరిగ్గా పైన నాలుగు లైన్లున్నాయి. కొత్త పూట ఖాయమైందా? కాకపోతే ఆగు, పాతది ముట్టుకోకు, కౌంటరుకి చెప్పు. మాస్టారు రాసే పద్ధతిలోనే, ఎందుకు రాశారో వివరంగా పైన ఒక మాట. పక్కన ఆయన పేరు. ఆ మార్పుని మెయిన్‌లో కలిపింది అక్క, సెలవుకి ముందురోజు సాయంత్రం.

కలిశాక కొమ్మని తీసెయ్యడం ఆఫీసు పద్ధతి. మాస్టారు పద్ధతి తప్పరు, తీసేశారు. ఆయన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిపోయిందని కిందటి వారం కొత్తది ఇచ్చారు, పాతది తుడిచేశారు. తక్కినవాళ్ళు తాజా కాపీలు తెచ్చుకున్నారు. చెరిగిపోయిన లైను బ్లేమ్‌లో కనిపించదు. లేనిదానికి పక్కన పేరుండదు. చుట్టూ మిగిలిన లైన్లు ఎవరివైతే వాళ్ళే దొరికిపోతారు.

ఆవిడ తల తిప్పి చూసింది. తుఫాను సీటు ఖాళీగా ఉంది. మాస్టారు అవతలి వరసలో తెరకి మరీ దగ్గరగా వంగి, పాత మెయిళ్ళు ఒక్కొక్కటే తెరుస్తున్నారు.

లేచి వెళ్ళి చెప్పడానికి పట్టుమని పది అడుగులు లేవు. అక్క లేవలేదు. కాఫీ తెచ్చుకుంది. అది చల్లారిపోయింది.

*

ఇంటికి వెళ్ళేసరికి పెద్ద ఆడపడుచు వచ్చి ఉంది, తుఫాను తల్లి. హాల్లో తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. అత్తగారు వాకరు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగి ఆయాసం తీర్చుకుంటోంది.

"రా రా. నీ గురించే అనుకుంటున్నాం," అంది ఆడపడుచు. "మావాడికి ఆఫీసులో ఏమన్నా అయిందా అమ్మాయీ? కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేచిపోతాడు. అడిగితే కసురుకుంటాడు."

అక్క చెప్పులు విడవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు వంగింది. "ఇంకో రిలీజు దగ్గర పడింది వదినా. పని ఎక్కువగా ఉంది."

"వచ్చే నెలలో పర్మనెంటు చేస్తారన్నావు కదా, దానికేం ఢోకా లేదుగా?"

"లేదనే అనుకుంటున్నా."

"నువ్వున్నావని నిశ్చింతగా ఉన్నా. నువ్వు లేకపోతే వాణ్ణి ఎవరు భరిస్తారు చెప్పు?"

"వాడికి చిన్నప్పట్నుంచీ కాళ్ళు నేలమీద నిలవవు," అంది అత్తగారు గుమ్మం దగ్గర్నుంచి, మురిపెంగా. "మంచం కింద దూరి నా రేడియో మొత్తం విప్పేశాడు. విప్పడం వచ్చుగానీ బిగించడం రాదు."

ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. అక్క ఒక బఠాణీ కాయ తీసుకుని ఒలిచింది. లోపల గింజలు చిన్నవిగా, పుచ్చి ఉన్నాయి. పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

ఆడపడుచు వెళ్ళాక వంటింట్లో మొగుడికి చెప్పింది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని వస్తాడు కాబట్టి ఇంట్లో తక్కువ మాట్లాడతాడు. చేతులకి సబ్బు నురగతో, గిన్నె తోముతూ మొత్తం విన్నాడు.

"వాడు కావాలని చేశాడంటావా?"

"కావాలని చేస్తే నాకింత బాధ ఉండేది కాదు. నాలుగు తిట్టి చెప్పేసేదాన్ని."

"చెబితే వాడి ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"చెప్పకపోతే ఆయనది పోతుంది."

"పోతుంది."

గిన్నె కడిగి బోర్లించాడు. ఇంకోటి అందుకున్నాడు. "నాకు వాడు మేనల్లుడు. మా అక్క మొహం చూడాలి నేను. నీకేది తోస్తే అది చెయ్యి."

"ఆ మాటంటే మొత్తం నా నెత్తిన పెట్టి నువ్వు పక్కకి తప్పుకోవడమే."

"అవును," అన్నాడు ఆయన. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. "నాకు వేరే ఏం తోచట్లేదు."

*

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. కుర్చీ లాక్కున్నారుగానీ దాని అంచున మాత్రమే కూర్చున్నారు.

"అమ్మా, తీరికగా ఉన్నారా?"

అక్క తెర మీద ఆ క్షణంలో ఆ నాలుగు లైన్లే ఉన్నాయి. చెయ్యి దానంతటదే కదిలి ఆ ఫైలున్న కిటికీని మూసేసింది. తర్వాత ఆ చెయ్యివైపు చూసుకుంది.

"చెప్పండి మాస్టారూ."

"నా మార్పు కలిపింది మీరే కదా. అందులో ఆ తనిఖీ ఉన్నట్టు మీకేమన్నా జ్ఞాపకముందా? మీరు రోజూ ఇన్ని కలుపుతారు, గుర్తుండాలని లేదు. ఊరికే అడుగుతున్నా."

ఆయన గడ్డం గీసుకోలేదు. అలా రావడం అక్క ఎప్పుడూ చూడలేదు. నోటిదాకా వచ్చింది మాట. ఆ వెనకే ఆడపడుచు మొహం వచ్చింది.

"చూసి చెబుతాను."

"చూడండి. లేకపోతే లేదనే చెప్పండి, మొహమాటపడకండి. లేదని తెలిసినా నాకు మేలే."

"అదేంటి మాస్టారూ?"

"ఏదో ఒకటి తెలియాలి కదమ్మా." ఆయన మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నారు. "రాసినట్టు నాకు కళ్ళకి కట్టినట్టుంది. పొద్దున రాశాను. రాస్తుంటే కిటికీ బయట ఎవరో నిచ్చెన వేసుకుని అద్దాలు తుడుస్తున్నారు. అంతా ఉంది. ఆ లైన్లు మాత్రం లేవు. మరి నేను చూసిందేమిటి?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. లేచి, కుర్చీని ఎక్కడనుంచి తీశారో అక్కడే సరిగ్గా పెట్టి వెళ్ళారు.

ఆ సాయంత్రం తుఫాను కోసం లిఫ్టు దగ్గర కాపు కాసింది. వాడు దూరం నుంచే చూసి, ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటూ వెనక్కి తిరిగి మెట్లవైపు పోయాడు. ఫోన్ చేస్తే తియ్యలేదు. తప్పు చేసి మొహం చాటేస్తున్నాడు, వీడి కోసమా నేను ఆ మనిషి ముందు కిటికీ మూసుకున్నది అనుకుంది. బస్సులో నిలబడి ఇంటిదాకా ఆ కోపం మీదే వెళ్ళింది. దానివల్ల నడుంనొప్పి కాసేపు తెలియలేదు.

*

గురువారం మేనేజరు స్వయంగా ఆవిడ సీటు దగ్గరికి వచ్చాడు. ఆయనకి అందరితోనూ భుజం మీద చెయ్యేసినట్టు మాట్లాడటం అలవాటు.

"తుఫాను ఆ తనిఖీ రాసి పంపాడు. చూసి కలిపెయ్యమ్మా. రేపు కేంద్రంవాళ్ళతో మీటింగు. సరిచేశాం, ఇకమీదట ఇలా జరగదు అని చెప్పాలి."

"మాస్టారి సంగతి?"

"ఆయన్ని ఈ పనిలోంచి తప్పించామని చెబుతాం. వాళ్ళకీ ఎవరో ఒకరి పేరు కావాలి కదా. నెలాఖరుకి ఆయనే సర్దుకుని వెళ్ళిపోతారు. పాపం, వయసు. ఈ మధ్య మతిమరుపు కూడా వచ్చినట్టుంది."

"తప్పు ఆయనదేనంటారా?"

మేనేజరు చిన్నగా నవ్వాడు. "తెర మీద నువ్వూ చూశావుగా."

ఆయన వెళ్ళాక అక్క తుఫాను పంపిన మార్పు తెరిచింది. నాలుగు లైన్లు. మాస్టారు రాసినవాటికి అక్షరం కూడా తేడా లేదు. పక్కన పేరు మాత్రం తుఫానుది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. చెరిపినవాడే తిరిగి రాసి శభాష్ అనిపించుకుంటాడన్నమాట.

నేరుగా వాడి సీటు దగ్గరికి వెళ్ళి, పక్కవాళ్ళు వింటున్నారన్న వెరపు లేకుండా, "లే," అంది. "మెట్ల దగ్గరికి రా."

మెట్ల దగ్గర ఎవరూ ఉండరు. అందరూ లిఫ్టే ఎక్కుతారు. తలుపు వెనకాల మూసుకోగానే అక్క తిరిగి నిలబడింది.

"సిగ్గులేదట్రా నీకు? నీ తండ్రి వయసు మనిషి అక్కడ పిచ్చెక్కిపోతున్నాడు. చెరిపింది కాక, ఆయన రాసిందే రాసి నీ పేరు పెట్టుకుంటావా?"

వాడు గోడకి ఆనుకున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. "నీకు తెలుసా?"

"నా కాపీలో ఉంది. మంగళవారం నుంచీ తెలుసు."

"మంగళవారం నుంచా?" వాడు మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే ఎందుకు చెప్పలేదత్తా?"

"ఎందుకా? నీ కోసం. మీ అమ్మ కోసం. ఇంకెందుకు?"

తుఫాను తల ఎత్తకుండానే అన్నాడు. "నేను చెప్పాను."

"ఏం చెప్పావు? ఎవరికి?"

"మేనేజరుకి. ఆ పెద్దావిడ సంగతి తెలిసిన రోజే. నువ్వు సెలవు పెట్టిన శుక్రవారం నేను పంపబోతే సర్వరు ఒప్పుకోలేదు, ముందు మాస్టారి మార్పు తెచ్చి కలుపుకోమంది. కలపబోతే నా దానికీ ఆయన దానికీ తగువొచ్చింది. నువ్వు లేవు. మేనేజరేమో నా వెనకాల నిలబడి, గంటలో రిలీజు, కేంద్రాలకి వెళ్ళిపోవాలి, సర్వర్లో ఏముంటే ఏం, నీదే పంపు అన్నాడు. బలవంతంగా తోసేశాను. ఆయన లైన్లు పోతే ఏమవుతుందో ఆలోచించలేదు. తర్వాత ఈ గొడవ వినగానే నాకు తట్టింది. పరిగెత్తుకెళ్ళి చెప్పాను, నేనే చెరిపాను, మాస్టారి తప్పు కాదు అని."

"ఏమన్నాడు?"

"తలుపు వేసి కూర్చోమన్నాడు. మెయిన్‌కి తాళం ఉంటుంది కదా, బలవంతంగా తోస్తే తీసుకోదు కదా, మరి ఆరోజు ఎలా తీసుకుంది అన్నాడు. తాళం తీసింది మీ అత్త. రికార్డులో ఆమె పేరుంది. నీ పేరు బయటికొస్తే దానికి ముందు ఆమె పేరొస్తుంది. ఆమె ఇన్నేళ్ళ ఉద్యోగం నీ నోట్లో ఉంది అన్నాడు."

అక్కకి మొదట అర్థం కాలేదు. "నేనెప్పుడు తీశాను? నేను ఆసుపత్రిలో ఉన్నానురా."

"ఫోన్లో తీశావట."

అప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండా. ఒక చేతిలో అత్తగారి ఎక్స్‌రేలున్న పెద్ద కవరు. చక్రాల కుర్చీ తోసే మనిషి పక్కకి జరగమంటున్నాడు. ఫోన్లో మేనేజరు, ఒక్క పూటకి తాళం తియ్యమ్మా, నేను చూసుకుంటాగా అంటున్నాడు. కవరు చంకలో పెట్టుకుని బొటనవేలితో రెండు నొక్కులు నొక్కింది. అంతే. ఆ తర్వాత అది ఆవిడ బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. ఇప్పుడు వీడు అనేదాకా లేదు.

మాస్టారు చేసింది చేసినట్టు గుర్తుపెట్టుకుని, చెయ్యలేదేమోనని కుమిలిపోతున్నారు. తను చేసింది శుభ్రంగా మర్చిపోయి, ఊళ్ళోవాళ్ళ తప్పులు తూకం వేస్తూ కూర్చుంది.

ఆవిడ కూడా మెట్టు మీద కూర్చుంది. చల్లగా ఉంది రాయి. నువ్వు నా కోసం, నేను నీ కోసం అనబోయి ఊరుకుంది. అలా అంటే వినడానికి అదేదో గొప్ప సంగతిలా ఉంటుంది.

"ఇందాక పంపిన మార్పులో నీ పేరెందుకు పెట్టావు?" అంది కాసేపటికి.

"మేనేజరే పెట్టమన్నాడత్తా. మాస్టారు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. తగువొచ్చినప్పుడు తెర మీద చూశాను కదా."

కిందెక్కడో తలుపు తెరుచుకుని మూసుకుంది. ఇద్దరూ మాట ఆపి విన్నారు. ఎవరూ పైకి రాలేదు.

"రేపు నాతో మీటింగుకి రా," అంది అక్క, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తూ. "మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే."

*

శుక్రవారం పొద్దున తుఫాను పంపిన మార్పుని అక్క తిప్పి పంపేసింది. తన కాపీలో ఉన్న మాస్టారి మార్పుని ఉన్నదున్నట్టు ఎత్తి, ఇప్పటి మెయిన్ మీద పెట్టింది. ఇలా చేస్తే రాసినవాళ్ళ పేరూ, రాసిన తేదీ చెక్కుచెదరవు. ఆరోజు ఏ రెండు రాతలకి తగువొచ్చిందో అక్కడే మళ్ళీ వచ్చింది. తుఫానుని పక్కన కూర్చోబెట్టుకుని, నీ ఉద్దేశమేమిటి అని మామూలుగా అడిగింది. వాడు చెప్పాడు. రెండూ ఉండేలా అతుకు వేసింది. పావుగంట పని. ఆవేళ ఆ పావుగంట ఎవరికీ లేకపోయింది.

మీటింగు గదిలో కేంద్రం తరఫున వచ్చిన హెడ్ నర్సు ఉంది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కూర్చున్నప్పట్నుంచీ ఆవలింత ఆపుకుంటోంది. మాస్టారిని పిలవలేదు. మేనేజరు మొదలుపెట్టాడు, లోపం కనుక్కున్నాం, బాధ్యుల్ని తప్పించాం అని. ఆయన మాట పూర్తి కాకముందే అక్క తన ల్యాప్‌టాప్ తీగ తెరకి తగిలించింది.

"ఈ నాలుగు లైన్లు మాస్టారు రాశారు. తేదీ చూడండి. రిలీజుకి ముందే రాశారు, నేనే కలిపాను. రిలీజు రోజున ఇవి చెరిగిపోయాయి."

"చెరిపింది నేను," అన్నాడు తుఫాను. గొంతు కీచుగా వచ్చింది.

"చెరపకుండా ఉండటానికి తాళం ఉంటుంది. ఆ తాళం తీసింది నేను," అంది అక్క. మేనేజరువైపు తిరిగింది. "తియ్యమని ఫోన్ చేసింది మీరు."

మేనేజరు కోప్పడలేదు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "ఇవన్నీ మనలో మనం మాట్లాడుకోవాల్సినవి కదమ్మా," అన్నాడు. తర్వాత, "మీరిద్దరూ బంధువులని ఆఫీసులో అందరికీ తెలుసా?"

"ఇప్పుడు తెలిసిందిగా," అంది అక్క.

హెడ్ నర్సు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆవిడకి ఆ తాళాలూ కొమ్మలూ ఏమీ పట్టలేదు. "అది ఇప్పుడు ఉందా లేదా? నాకది చెప్పండి," అంది. "రేపు నా దగ్గరికి నలభైమంది వస్తారు. ఎవరి పేరైనా మాయమైతే వెనక్కి పంపాల్సింది నేను."

"ఉంది," అంది అక్క. "మీ ఎదురుగా మార్చి చూపిస్తాను. ఎవరి పేరైనా చెప్పండి."

నర్సు పెద్దావిడ పేరే చెప్పింది. అక్క ఆ పేరుని నిండిపోయిన పూటలోకి మార్చబోయింది. మిషను ఒప్పుకోలేదు. ఎర్రగా ఒక మాట చూపించింది, పాత పూట అలాగే ఉంది. నర్సు ముందుకి వంగి ఆ మాట చదివి, ఇంకోసారి చెయ్యమంది. చేసింది. "సరే," అని సంచీ భుజాన వేసుకుంది.

ఆ మధ్యాహ్నానికల్లా మెయిన్ తాళాలు ఇకనుంచి వేరేవాళ్ళు చూస్తారని మెయిలొచ్చింది. తుఫాను పర్మనెంటు సంగతి ఆర్నెల్లు వాయిదా పడింది. మాస్టారిని తప్పించే మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు, తప్పించబోయామని ఒప్పుకోనూ లేదు. మేనేజరు భోజనానికి వెళ్తూ ఎప్పట్లాగే అందరినీ పలకరించాడు. అక్క మెయిలు చదివి తాళాల వివరాలు రాసి పంపేసింది. ఏదో పోయినట్టు ఉంటుందనుకుంది. కాళ్ళు లాగుతున్నట్టు మాత్రం ఉంది.

ఇక మిగిలిన పని ఒకటుంది. ల్యాప్‌టాప్ రెండు చేతులా పట్టుకుని, మూత తెరిచి ఉండగానే, అవతలి వరసలోకి వెళ్ళింది.

"మాస్టారూ."

ఆయన బల్ల మీద జాగా చేశారు. అక్క తెర ఆయనవైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చదివారు. మంగళవారం మీటింగులో చేసినట్టే వేలు పెట్టి, ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగుతూ చదివారు.

"ఇది నా రాతే," అన్నారు.

"మీదే. చెరిగిపోయింది. మీ తప్పేం లేదు." ఎలా పోయిందో మొత్తం చెప్పింది, తాళం సంగతితో సహా. ఆయన వింటున్నారో లేదో తెలియలేదు. కళ్ళు ఆ నాలుగు లైన్ల మీదే ఉన్నాయి.

"నేనే రాశానన్నమాట," అన్నారు మళ్ళీ. "మా అన్నయ్యకి నా వయసులోనే మొదలైందమ్మా. మొదట్లో ఇలాగే. చేశాను, చేశాను అనేవాడు. చూస్తే ఉండేది కాదు. చివరికి మమ్మల్నే ఎవరు నువ్వు అనేవాడు."

చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద విప్పారు. ఇంటి నంబరు, వీధి, కింద ఫోన్ నంబరు. దూరం నుంచి కూడా కనబడాలన్నట్టు పెద్ద పెద్ద అక్షరాలు.

"బుధవారం పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ జేబులో పెట్టింది. దారి తప్పితే ఎవరికైనా చూపించమంది. నేను వద్దనలేదు."

అక్క ఆ కాగితం చదివింది. తలతిప్పుకోవడానికి చోటు లేక మళ్ళీ చదివింది.

"మీకు ఈ లైన్లు ఏ రోజు కనబడ్డాయమ్మా?" అని అడిగారు మాస్టారు. గొంతులో నిష్ఠూరం లేదు. క్లాసులో అడిగినట్టు అడిగారు.

"మంగళవారం."

ఆయన తల ఊపారు. అక్క క్షమించమని అడగబోయేలోపే, ఆయన కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, జేబులో కాదు, బల్ల సొరుగులో వేశారు.

"ఇక్కడ పేరూ తేదీ బాగా చిన్నగా ఉన్నాయి," అన్నారు ఫోన్ చేతిలోకి తీసుకుంటూ. "కాస్త పెద్దవి చేస్తారా? ఫోటో తీసి మా ఆవిడకి పంపాలి."

అక్క అక్షరాలు పెద్దవి చేసింది. ఆయన ఫోన్ ఎత్తి, ఒక కన్ను మూసి, తెరకి గురిపెట్టారు. తియ్యలేదు. ఫోన్ కొంచెం దించి ఆవిడవైపు చూశారు.

"మీరు కాస్త పక్కకి జరగండమ్మా. తెరలో మీ మొహం పడుతోంది."

ఆవిడ పక్కకి జరిగింది.